గొంతు ముందు, బొమ్మ వెనక: తోలుబొమ్మలాట వీడియో ఎడిటింగ్ డైరీ

ధర్మవరం వైపు ఒక ఊళ్లో రాత్రి ఆడిన తోలుబొమ్మలాట రికార్డింగు ఇది. ఆట 2 గంటల 40 నిమిషాలు. తెర ముందు పెద్ద కెమెరా, తెర వెనక పాత హ్యాండీక్యామ్, జనం మధ్యలో ఫోను, హార్మోనియం పక్కన ఆడియో రికార్డరు పెట్టాం. వీటికి తోడు ఆట ఆడిన కుటుంబం దగ్గర 2006 నాటి మినీడీవీ టేపులు రెండు ఉన్నాయి. అన్నీ ఒకే టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు పేర్చే పట్టీ) మీద పెడితే ఒక్కటీ సరిగా ఆడలేదు. ఏది ఎందుకు ఆగింది, ఎలా కొలిచాను, ఏం మార్చాను అన్నది వరసగా రాస్తున్నాను. ఇలాంటి కలగూరగంప ఫుటేజ్ చేతికొచ్చినవాళ్లకు కనీసం నేను పోగొట్టుకున్న రాత్రులైనా మిగులుతాయి.

నా సరంజామా: 8వ తరం ఐ5 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, 190 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ, 310 జీబీ ఖాళీ ఉన్న 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్. మిగతా పనిముట్లు మీడియాఇన్ఫో (ఫైలు వివరాలు చూపేది), ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ (ఫైళ్లను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చేది), వీఎల్‌సీ (వీడియో ప్లేయరు), విండోస్ టాస్క్ మేనేజర్. అన్నీ ఉచితమే.

దశ 1: ఫైళ్ల జాతకం

ఎంపీ4 అన్నది డబ్బా పేరు మాత్రమే. లోపల ఉన్నది ఆవకాయో గోంగూరో మూత చూసి చెప్పలేం. అందుకని ప్రతి ఫైలునూ మీడియాఇన్ఫోలో తెరిచి కాగితం మీద రాసుకున్నాను. రాసుకున్నవి ఆరు: కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి), బిట్ లోతు (రంగుల మెట్లు ఎన్ని), రంగుల శాంప్లింగ్ (రంగు వివరం ఎంత దాచింది, 4:2:0 కన్నా 4:2:2లో ఎక్కువ), ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని చిత్రాలు), అది స్థిరమా చరమా (మారుతూ ఉంటుందా), ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమును ఫీల్డులనే రెండు సగాలుగా తీయడం) ఉందా లేదా.

1. పెద్ద కెమెరా: 4కే, 25 ఫ్రేములు, హెచ్ఈవీసీ, 10 బిట్, 4:2:2, సెకనుకు 100 మెగాబిట్లు. 40 నిమిషాల చొప్పున నాలుగు ఫైళ్లు. 120 జీబీ.
2. హ్యాండీక్యామ్: ఏవీసీహెచ్‌డీ (లోపల హెచ్.264), 1080, సెకనుకు 50 ఫీల్డులు, ఇంటర్‌లేస్. 14 ముక్కలు. 27 జీబీ.
3. ఫోను: 1080, హెచ్.264, 8 బిట్. 52 నిమిషాల ఫైలు ఒకటి, 42 నిమిషాలది ఒకటి. 12 జీబీ.
4. రికార్డరు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో. సుమారు 3 జీబీ.
5. పాత టేపులు: డీవీ, 720×576, ఇంటర్‌లేస్, 2 గంటలు. 26 జీబీ.

మొత్తం 188 జీబీ. రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ పెట్టాక మొదటి పని మొదలుపెట్టాను. ఒరిజినల్ ఒక్కటే కాపీ ఉన్నప్పుడు ఏ ప్రయోగమూ చేయకండి.

దశ 2: పెద్ద కెమెరా సెకనుకు 5 ఫ్రేములే

25 ఫ్రేములు ఆడాల్సిన చోట 4, 5, మళ్లీ 4. బొమ్మ చెయ్యి ఎత్తితే దించినప్పుడే కనబడుతోంది. ఏది అడ్డం పడుతోందో తెలుసుకోవడానికి ఒక్కొక్కటే మార్చి చూశాను.

1. ప్లేబ్యాక్ రిజల్యూషన్ సగానికి తగ్గించాను. 5 నుంచి 8కి వచ్చింది.
2. ర్యామ్ చూశాను. 16లో 7 జీబీ మాత్రమే వాడుతోంది. ఇంకా ర్యామ్ కొన్నా లాభం లేదు.
3. డిస్కు చూశాను. సెకనుకు 3 ఎంబీ కూడా చదవడం లేదు. అక్కడ ఇబ్బంది లేదు.
4. సీపీయూ చూశాను. 100 శాతం.
5. అదే ఫైలు వీఎల్‌సీలో వేశాను. అక్కడా ఆగి ఆగి ఆడింది.

ఐదో పరీక్ష అన్నిటికన్నా విలువైనది. సాఫ్ట్‌వేర్ మార్చినా తేడా రాలేదంటే తప్పు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఫైలు లోపలి అల్లిక విప్పే శక్తి ఈ యంత్రానికి లేదు.

హెచ్ఈవీసీ లాంటి కోడెక్‌లు ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచవు. ఎప్పుడో ఒక పూర్తి ఫ్రేము, దాని తరవాత వరసగా తేడాలు మాత్రమే రాస్తాయి. నేను మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తే అది వెనక్కి పోయి పూర్తి ఫ్రేమును పట్టుకుని అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. చూడటానికి ఇది బాగానే ఉంటుంది, కత్తిరించడానికి కష్టం. దాని మీద 10 బిట్ 4:2:2. మామూలు 4:2:0 హెచ్ఈవీసీని విప్పడానికి చాలా యంత్రాల్లో ప్రత్యేకమైన చిప్ భాగం ఉంటుంది. 4:2:2ను విప్పే భాగం ఇంటెల్‌లో 10, 11వ తరాలతో వచ్చింది. నాది 8వ తరం. కాబట్టి మొత్తం భారం సీపీయూ మీదే పడింది.

దశ 3: పోయిన రాత్రి

ఎడిటింగ్‌కు అనువైన కోడెక్‌లోకి మారిస్తే సరిపోతుందని తెలుసు. ప్రోరెస్ 422లో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి, విప్పడం తేలిక. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో నాలుగు ఫైళ్లూ కలిపి 4కే ప్రోరెస్ 422గా, ఒకే పెద్ద ఫైలుగా మార్చమని చెప్పి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి డిస్కు నిండిపోయి ఉంది. 310 జీబీ ఫైలు ఒకటి తయారైంది, అది ఎందులోనూ తెరుచుకోలేదు.

చేయకుండా వదిలేసిన లెక్క ఇది:

- 4కే, 25 ఫ్రేముల ప్రోరెస్ 422 అంటే సెకనుకు సుమారు 492 మెగాబిట్లు.
- 8తో భాగిస్తే సెకనుకు 61.5 ఎంబీ.
- గంటకు 221 జీబీ.
- 2 గంటల 40 నిమిషాలకు 590 జీబీ.

ఉన్న చోటు 310. ఆటలో 84వ నిమిషం దగ్గర డిస్కు నిండింది. ఉన్నంతవరకైనా ఎందుకు తెరుచుకోలేదంటే, మామూలుగా రాసే ఎంఓవీ, ఎంపీ4 ఫైళ్లలో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే విషయసూచిక అంతా అయ్యాక చివర్లో రాస్తారు. డిస్కు నిండి ఆ సూచిక పడలేదు. పేజీలన్నీ ఉన్నాయి, ఏ పేజీ ఎక్కడుందో చెప్పేది లేదు. కెమెరా బ్యాటరీ మధ్యలో అయిపోతే ఎంపీ4 తెరుచుకోకపోవడానికి కారణం కూడా ఇదే. అలాంటప్పుడు అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన మంచి ఫైలును నమూనాగా ఇస్తే పాడైన దాన్ని కూర్చే అన్‌ట్రంక్ అనే పనిముట్టు ఉంది. నా దగ్గర ఒరిజినల్ క్షేమంగా ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు. 310 జీబీనీ తుడిచేశాను.

ఇప్పటిదాకా లెక్క: యంత్రం పనిచేసిన గంటలు 3.2. పనికొచ్చిన ఫైళ్లు సున్నా.

దశ 4: బండి మారింది, దారి ఇరుకైంది

ఈసారి మొదటి 10 నిమిషాలే మార్చి చూశాను. 37 జీబీ, 23 నిమిషాలు పట్టింది. టైమ్‌లైన్ మీద పెడితే సెకనుకు 14 ఫ్రేములు. 5 కన్నా మేలే, కానీ 25 రాలేదు.

మళ్లీ టాస్క్ మేనేజర్. సీపీయూ 35 శాతమే. అంటే ఇప్పుడు విప్పడంలో కష్టం లేదు. డిస్కు దగ్గర చూస్తే సెకనుకు 34 ఎంబీ, అక్కడే గీత గీసినట్టు నిలిచిపోయింది. కావలసింది 61.5. ముప్పై నాలుగును అరవై ఒకటిన్నరతో భాగించి 25తో గుణిస్తే 13.8. తెర మీద కనబడుతున్న 14 అదే. లెక్క ఇంత సూటిగా సరిపోయినప్పుడు ఇక అనుమానించాల్సింది ఒక్కటే మిగులుతుంది.

డిస్కు పాత యూఎస్‌బీ హబ్‌కు తగిలించి ఉంది. హబ్ యూఎస్‌బీ 2.0. అది నిజంగా ఇచ్చేది 30 నుంచి 40 ఎంబీ. హబ్ తీసేసి ల్యాప్‌టాప్ నీలం (యూఎస్‌బీ 3.0) పోర్టుకు నేరుగా పెట్టాను. సెకనుకు 108 ఎంబీ చదివింది, 25 ఫ్రేములూ నిలకడగా ఆడాయి, సీపీయూ 55 శాతం దగ్గర ఆగింది.

అయినా ఈ దారి వదిలేశాను. 590 జీబీకి చోటు లేదు. పైగా రెండు కెమెరాలు పక్కపక్కన ఆడిస్తే తిరిగే డిస్కు ముల్లు రెండు చోట్లకూ గెంతుతూ మళ్లీ నత్తనడక పడుతుంది.

దశ 5: ప్రాక్సీలు

ప్రాక్సీ అంటే కత్తిరింపుల కోసం చేసుకునే చిన్న నకలు. చివరి ఎగుమతి ఒరిజినల్ నుంచే జరుగుతుంది. 1080, 25 ఫ్రేముల ప్రోరెస్ ప్రాక్సీ గంటకు 17 జీబీ. మొత్తం ఆటకు 46 జీబీ. ఎస్ఎస్‌డీలో హాయిగా సరిపోతుంది.

మొదటి రెండు ప్రాక్సీలు వృథా అయ్యాయి. ఆడియో విడిగా ఉంది కదా అని శబ్దం తీసేసి చేశాను. సాఫ్ట్‌వేర్ వాటిని ఒరిజినల్‌తో ముడిపెట్టనంది. 2.5 గంటలు పోయాయి. తరవాత ఇలా చేశాను:

1. ఒరిజినల్ ఒక్కొక్క దానికీ ఒక్కొక్క ప్రాక్సీ. కలపకూడదు.
2. పేరు అచ్చంగా అదే.
3. ఫ్రేమ్ రేటు అదే, నిడివి అదే, మొదటి టైమ్‌కోడ్ (ఫ్రేము మీద రాసి ఉండే సమయం) అదే.
4. ఆడియో చానెళ్ల సంఖ్య అదే.
5. మొదటి ఫైలు అయ్యాక ముడిపెట్టి, చివరి ఫ్రేము దగ్గర రెండూ కలుస్తున్నాయో లేదో చూసి, అప్పుడు మిగతా మూడు.

యంత్రం సెకనుకు 13 ఫ్రేములు మార్చింది. ఒక్కో ఫైలుకు 77 నిమిషాలు. మొత్తం 5.1 గంటలు.

ఇంకో మాట. ఒక నిమిషం ఎగుమతి చేసి చూస్తే బొమ్మల అంచులు మెత్తగా వచ్చాయి. ఎగుమతి కూడా ప్రాక్సీ నుంచే జరిగింది. ఒరిజినల్ వాడమనే సెట్టింగ్ వేరే చోట ఉంది. తోలుబొమ్మ మీద నగల కోసం పొడిచే చిన్న చిన్న చిల్లులుంటాయి, వాటిలోంచే వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఆ చుక్కలు విడివిడిగా కనబడితే ఒరిజినల్, కలిసిపోతే ప్రాక్సీ. నాకు అంతకన్నా మంచి గుర్తు దొరకలేదు.

ఇప్పటిదాకా లెక్క: యంత్రం గంటలు 11.2. అందులో వృథా 5.7. ఎస్ఎస్‌డీలో 46 జీబీ.

దశ 6: గొంతు ముందు, బొమ్మ వెనక

ఫోను వీడియో ఆడించి పెద్దాయనకు చూపించాను. బొమ్మలు ఆడించేదీ పాడేదీ ఆయనే. పదిహేను నిమిషాలు ఓపిగ్గా చూసి, "ఏమప్పా, నా గొంతు ముందొస్తాంది, బొమ్మ ఎనకాల ఆడతాంది" అన్నారు. నా కంటికి అప్పటికి తెలియలేదు. అరవై ఏళ్లుగా గొంతునూ చేతినీ ఒకటిగా కదిపిన మనిషికి అది ఇసకలో రాయిలా తగిలింది.

కొలవాలంటే గుర్తులు కావాలి. తోలుబొమ్మలాటలో అవి కావలసినన్ని. ఆటలోని హాస్యపాత్రలు కేతిగాడు, బంగారక్క. కేతిగాడిని బంగారక్క కొట్టినప్పుడల్లా ఆడించేవారు కాలి కింది చెక్క పలకను టక్కుమని తొక్కుతారు. తెర మీద చెయ్యి, తెర వెనక కాలు ఒకే క్షణాన పడతాయి. పెద్ద కెమెరా ఫుటేజ్‌లో అలాంటి దెబ్బలు ఇరవై చూశాను, ఎక్కడా ఒక ఫ్రేము మించి తేడా లేదు. క్లాప్ బోర్డు కన్నా నమ్మకమైన గుర్తు.

ఫోను 52 నిమిషాల ఫైల్లో ఐదు దెబ్బల దగ్గర ఫ్రేములు లెక్కపెట్టాను. 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద:

- 3 నిమిషాల 10 సెకన్లు: బొమ్మ 7 ఫ్రేములు వెనక
- 15 నిమిషాలు: 36 ఫ్రేములు వెనక
- 30 నిమిషాలు: 74 ఫ్రేములు వెనక
- 40 నిమిషాలు: 31 ఫ్రేములు ముందు
- చివర: 1 ఫ్రేము ముందు

మొదటి మూడు చూసి వేగం 0.17 శాతం పెంచాను. సగం వరకు అతికినట్టు సరిపోయింది. సంతోషపడి రెండో సగం చూడకుండా కత్తిరింపులు మొదలుపెట్టాను. మూడు గంటల పని పోయింది. తేడా పెరుగుతూ పోయి, మధ్యలో ఒక్కసారిగా తిరగబడి, చివరికి సర్దుకుంటే దాన్ని ఏ ఒక్క వేగమూ సరిచేయలేదు.

మీడియాఇన్ఫో మళ్లీ చూశాను. ఫ్రేమ్ రేటు చరం. సగటు 29.950, కనిష్ఠం 23.98, గరిష్ఠం 30.06. ఈ మూడు అంకెలూ మొదటిరోజే కాగితం మీద రాసుకున్నాను, పట్టించుకోలేదు.

31వ నిమిషంలో కరెంటు పోయింది. జనరేటర్ వేసేదాకా 26 సెకన్లు చీకటి. చీకట్లో ఎక్కువ వెలుగు పట్టుకోవడానికి ఫోను తనంతట తానే సెకనుకు 30 నుంచి 24 ఫ్రేములకు దిగింది. 26 సెకన్లలో 156 ఫ్రేములు తక్కువ తీసింది. సాఫ్ట్‌వేర్ మాత్రం మొత్తం ఫ్రేములను మొత్తం నిడివితో భాగించి, సెకనుకు 29.95 చొప్పున సమంగా పరిచింది.

30 చొప్పున తీసినవాటిని 29.95 చొప్పున ఆడిస్తే బొమ్మ కొంచెం కొంచెం వెనకబడుతుంది. 31 నిమిషాలకు 3.1 సెకన్లు వెనక. చీకటి దగ్గర 24 చొప్పున తీసినవి 29.95 వేగంతో పరుగెత్తి ఆ బాకీ అంతా తీర్చి, ఇంకా 2 సెకన్లు ముందుకు పోతాయి. మిగిలిన 20 నిమిషాల్లో ఆ 2 సెకన్లు మెల్లగా కరిగి చివరికి సున్నా. కొలిచిన ఐదు అంకెలూ ఈ లెక్కలో కూర్చున్నాయి. వీఎల్‌సీలో ఇదే ఫైలు చక్కగా ఆడింది, ఎందుకంటే అది ప్రతి ఫ్రేము మీదా రాసి ఉన్న సమయాన్ని చూసి ఆడిస్తుంది.

పరిష్కారం చిన్నది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో ఫ్రేమ్ రేటు ఫిల్టరుతో స్థిరమైన రేటుకు మార్చడం. అది ప్రతి ఫ్రేము సమయం చూసి, లేని చోట ముందు ఫ్రేమునే మళ్లీ పెడుతుంది. ప్రోరెస్‌లో తేలిక రకమైన ఎల్‌టీలో రాశాను. రెండు ఫోను ఫైళ్లూ కలిపి 94 నిమిషాలు, 60 జీబీ.

మార్చాక ఐదు చోట్లా బొమ్మ 1 ఫ్రేము ముందు. ఐదు చోట్లా ఒకటే తేడా కాబట్టి ఇది వేరే కారణం. ఫోను తెరకు 12 మీటర్ల దూరంలో ఉంది. ఆ దూరం రావడానికి శబ్దానికి 35 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే దాదాపు ఒక ఫ్రేము. అది గాలి లెక్క, ఫైలుది కాదు. ఆడియోను ఒక ఫ్రేము ముందుకు జరిపాను.

పెద్దాయనకు మళ్లీ చూపించాను. ఈసారి ఏమీ అనలేదు. కాసేపటికి కాలు నేల మీద తాళం వేయడం మొదలుపెట్టారు.

దశ 7: తెర మీద పాకే చారలు

ఫోను ఫుటేజ్‌లో తెల్లటి తెర మీద నల్లటి చారలు అడ్డంగా పాకుతున్నాయి. ఒకప్పుడు తెర వెనక ఆముదం దీపాలు ఉండేవి. ఇక్కడ ఎల్ఈడీ ట్యూబులు పెట్టారు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే ఇలాంటి దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 25 ఫ్రేముల కెమెరాకు ఒక్కో ఫ్రేముకూ సరిగ్గా నాలుగు మినుకులు, చార నిలకడగా ఉండి కనబడదు. 30 ఫ్రేముల ఫోనుకు మూడు పోను మూడో వంతు మిగులుతుంది. అందుకే అచ్చంగా మూడు ఫ్రేములకోసారి చార తిరిగి అదే చోటికి వస్తుంది.

1. మూడు ఫ్రేముల సగటు తీసే టీమిక్స్ ఫిల్టరు వేశాను. చారలు పోలేదు. కారణం, దాన్ని 25కు మార్చిన ఫైలు మీద వేశాను. అప్పటికే మూడు ఫ్రేముల వరస చెదిరిపోయింది.
2. వరస మార్చాను. ముందు స్థిరమైన 30, దాని మీద సగటు, ఆ తరవాత 25. చారలు మాయమయ్యాయి.
3. కానీ వేగంగా ఆడే బొమ్మ చేతులకు నీడలు వచ్చాయి, ఒక చెయ్యి మూడు చేతుల్లా. కేతిగాడి గంతులకు ఇది పనికిరాదు. నిలబడి పద్యం చదివే బొమ్మలకే వాడాను.
4. కరెంటు పోయాక భాగంలో ఇదీ పనిచేయలేదు. చిన్న జనరేటర్ మీద 50 హెర్ట్జ్ నిలకడగా ఉండదు కాబట్టి మూడు ఫ్రేముల లెక్క కలవదు. ఆ 21 నిమిషాల్లో ఫోను షాట్లు రెండే ఉంచాను.

ఇది ఎడిటింగ్‌లో అయ్యే పని కాదు, తీసేటప్పుడే కావాలి. మన దగ్గర లైట్ల కింద తీస్తే 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఫోను 30 నుంచి 25కు దిగనంటే షట్టర్ 1/100 లేదా 1/50.

ఇదే ఫోను ఫైల్లో ఎరుపు నలుపులో కలిసిపోతుంటే, మొదట వెలుగు తక్కువనుకున్నాను. ఫైల్లో వెలుగు స్థాయిలు 0 నుంచి 255 దాకా రాసి ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ దాన్ని 16 నుంచి 235 అనుకుని రెండు చివరలూ కోసేస్తోంది. క్లిప్ సెట్టింగ్‌లో లెవెల్స్ ఫుల్ అని మార్చగానే చీర అంచు ఎరుపు బయటికొచ్చింది. కలర్ కరెక్షన్ ముట్టుకోకముందు ఇది చూడండి.

దశ 8: తెర వెనక కెమెరా

ఏవీసీహెచ్‌డీ కెమెరా ఒకే రికార్డింగును 2 జీబీ ముక్కలుగా కోస్తుంది. ముక్కలు విడివిడిగా టైమ్‌లైన్ మీద పెడితే ప్రతి అతుకు దగ్గరా శబ్దం చిన్నగా తెగింది, చెక్క తాళంలో ఒక దెబ్బ ఎగిరిపోయినట్టు. ముక్కలను వరసలో బైట్లకు బైట్లు అతికిస్తే అతుకు కనబడదు, మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు.

నా పొరపాటు, 14నూ కలిపి అతికించాను. ఈ కెమెరా గోడ కరెంటు మీద నడిచింది. కరెంటు పోయినప్పుడు ఆగిపోయి, వచ్చాక వేరే రికార్డింగుగా మొదలైంది. దాంతో 31వ నిమిషం దగ్గర టైమ్‌లైన్ గందరగోళం. మొదటి 3 ముక్కలు ఒకటి, తరవాతి 11 ఇంకొకటిగా అతికించాక సరిపోయింది. ఉన్నట్టుండి కరెంటు పోయినా మూడో ముక్క పాడవలేదు, చివరి ఒకటి రెండు సెకన్లే పోయాయి. ఈ రకం ఫైలుకు చివర్లో రాసే సూచిక అక్కర్లేదు, ఎక్కణ్నుంచైనా చదువుకోవచ్చు. దశ 3లో నా 310 జీబీ ఫైలుకు లేనిది అదే.

8 బిట్ హెచ్.264 కాబట్టి ల్యాప్‌టాప్ దీన్ని ఏ మార్పూ లేకుండా 25 ఫ్రేములకు ఆడించింది. ఆడుతున్నదాన్ని మార్చలేదు. 27 జీబీ అలాగే ఎస్ఎస్‌డీలోకి.

దశ 9: 2006 టేపులు

ఫైర్‌వైర్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి ముందే ఎక్కించినవి. గంటకు 13 జీబీ. ఇక్కడ రెండు దోషాలు.

మొదటిది, కదిలే బొమ్మ ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తూ వణికింది. ఇంటర్‌లేస్‌లో ఒక ఫ్రేము రెండు ఫీల్డులు. హ్యాండీక్యామ్‌లో పై ఫీల్డు ముందు, డీవీలో కింది ఫీల్డు ముందు. సాఫ్ట్‌వేర్ రెండిటినీ పై ఫీల్డుగానే తీసుకుంది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరుకు కింది ఫీల్డు ముందని స్పష్టంగా చెబితే వణుకు పోయింది.

రెండోది, మనుషులు సన్నగా కనబడ్డారు. 720×576 అన్నది చదరపు పిక్సెళ్ల లెక్క కాదు. 4:3 కావాలంటే 768×576గా చూపించాలి. పెద్దాయన నాన్నగారు ఈ టేపులో ఉన్నారు, చూసిన వెంటనే ఇంట్లోవాళ్లు "ఇంత బక్కగా ఎప్పుడున్నాడు?" అన్నారు. కొలత మార్చాక ఆయన ఆయనలా ఉన్నారు. పెద్ద తెరకు సాగదీయలేదు. మధ్యలో అసలు కొలతకు దగ్గరగా, చుట్టూ నలుపు వదిలి పెట్టాను.

ఇప్పటిదాకా లెక్క: ఎస్ఎస్‌డీలో 46, 60, 27, 26, రికార్డరుది 3. మొత్తం 162 జీబీ, 190లో.

దశ 10: రికార్డరు జారుడు

రెండు పరికరాల గడియారాలు ఎప్పుడూ ఒకటిగా నడవవు. రికార్డరు శబ్దాన్ని పెద్ద కెమెరాతో మొదట్లో కలిపితే 160 నిమిషాల చివర 6 ఫ్రేములు తేడా. 240 మిల్లీసెకన్లు, అంటే పది లక్షలకు 25 వంతులు. ఈ జారుడు ఫోనులా తిరగబడదు, గీత గీసినట్టు ఒకే తీరుగా పెరుగుతుంది, కాబట్టి సాగదీసి సరిచేయవచ్చు. కావలసిన మార్పు 0.0025 శాతం, నా సాఫ్ట్‌వేర్ రెండు దశాంశాల దగ్గరే ఆగుతుంది.

అందుకని ఘట్టానికీ ఘట్టానికీ మధ్య నిశ్శబ్దం ఉన్న చోట నాలుగు కోతలు వేసి, ప్రతి కోత దగ్గరా ఒక ఫ్రేము లేదా రెండు ఫ్రేములు జరిపాను. హార్మోనియం శ్రుతి నడుస్తున్న చోట కోయకండి, టప్పున వినబడుతుంది.

దశ 11: పెన్‌డ్రైవ్

కత్తిరించాక 2 గంటల 5 నిమిషాలు. హెచ్.264, 8 బిట్, 1080, 25 ఫ్రేములు, 8 మెగాబిట్లు. 7.5 జీబీ వచ్చింది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది, అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఆట ఆడిన కుటుంబం ఇంట్లోని టీవీ డ్రైవ్‌నే గుర్తించలేదు. మళ్లీ ఫ్యాట్32 చేసి, ఘట్టాల దగ్గర విరిచి మూడు ఫైళ్లుగా ఇచ్చాను. ఒక్కోటి సుమారు 2.5 జీబీ.

వాళ్లింట్లో మూడూ పూర్తిగా ఆడించి చూశాం. మొదటి ఫైల్లో తెర వెనక షాట్ ముగిసే చోట అర సెకను నల్ల ఫ్రేములు కనబడ్డాయి. హ్యాండీక్యామ్ మొదటి రికార్డింగు చివర పోయిన ఆ ఒకటి రెండు సెకన్ల జాగా అది. ఇంటికొచ్చి అక్కడ పెద్ద కెమెరా షాట్ పొడిగించి, ఆ ఒక్క ఫైలు మళ్లీ ఎగుమతి చేశాను. ఒరిజినళ్లు 188 జీబీ రెండు డిస్కుల్లో ఉన్నాయి, ఒక డిస్కు వాళ్లింట్లోనే పెట్టాను. ప్రాక్సీలు తుడిచేశాను, కావాలంటే 5.1 గంటల్లో మళ్లీ వస్తాయి.